దిగి చనిపోయారా? దింపి చంపారా?

‘మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక ఇద్దరు కార్మికుల మృతి.’ ఇలాంటి వార్త మనం ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. ఊరు మారుతుంది, అంకె మారుతుంది, వాక్యం మాత్రం మారదు. కింద నాలుగు లైన్లలో విషవాయువుల సంగతి ఉంటుంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు దిగారని ఉంటుంది. పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారని ఉంటుంది. వాళ్లను లోపలికి పంపింది ఎవరో మాత్రం ఉండదు.

తెలుగులో దిగడం వేరు, దింపడం వేరు. చేయడం వేరు, చేయించడం వేరు. మన దేశంలో చట్టం నేరమన్నది చేయించడాన్ని. పత్రికలు రాసేది దిగినవాళ్ల గురించి. ఈ రెండు క్రియల మధ్య ఉన్న దూరంలోనే కాంట్రాక్టరు తప్పించుకుంటాడు, మున్సిపల్ అధికారి తప్పించుకుంటాడు, ఇంటి యజమాని తప్పించుకుంటాడు. చనిపోయిన మనిషి తన చావుకు తానే బాధ్యుడై మిగిలిపోతాడు. అతని కులం గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే అది ‘ప్రమాదం’ కదా.

ఆ క్రియను మార్చడానికి సఫాయి కర్మచారి ఆందోళన్ మూడు దశాబ్దాలుగా పోరాడుతోంది. ఎన్జీవోల ట్రైనింగుల్లో ‘స్ట్రాటజిక్ కమ్యూనికేషన్’ అనే మాట తరచూ వినిపిస్తుంది. స్లైడ్లు, లోగోలు, హ్యాష్‌ట్యాగులు చూపించి అదే కమ్యూనికేషన్ అంటారు. ఆ మాటకు అసలు అర్థం నేర్చుకోవాలంటే ఈ ఉద్యమాన్ని చూడాలి.

మేం చేసిన తప్పు

ముందు నా అనుభవం ఒకటి చెప్తాను. ఎంఏ చదివే రోజుల్లో మా హాస్టల్‌కు దగ్గర్లో ఒక అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకులో ఒక కార్మికుడు చనిపోయాడు. మేం కొవ్వొత్తుల ర్యాలీ తీశాం. ‘పారిశుధ్య కార్మికుల ప్రాణాలు కాపాడాలి’ అని పోస్టర్లు రాశాం. ఫేస్‌బుక్‌లో చాలామంది షేర్ చేశారు. మేం ఏదో చేశామన్న తృప్తి మాకు మిగిలింది.

కాపాడాల్సింది ఎవరో మా పోస్టరు మీద లేదు. అతన్ని పిలిపించింది ఎవరో మేం కనుక్కోలేదు. ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు పెట్టారో చూడలేదు. నష్టపరిహారం అతని కుటుంబానికి హక్కు అని మాకే తెలియదు, ఇక వాళ్లకు ఎవరు చెప్తారు? వారం తిరక్కుండా ఆ కుటుంబం సొంతూరికి వెళ్లిపోయింది. మా ర్యాలీ వల్ల ఒక్క మనిషికి కూడా జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు.

అప్పుడు మేం చేసింది ప్రచారం. వ్యూహం అందులో లేదు. ప్రచారం అందరితో మాట్లాడుతుంది. వ్యూహం ఉన్న మాట జవాబు చెప్పాల్సినవాళ్లతో మాట్లాడుతుంది. అలా మాట్లాడే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ విషయంలో నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? వాళ్లు చేయాల్సిన పని ఏది? వాళ్లు కాదనలేని ఆధారం ఏది? ఈ మాట ఎవరి నోటితో రావాలి? సఫాయి కర్మచారుల ఉద్యమం వేసిన పెద్ద అడుగులన్నిటిలో ఈ నాలుగిటికీ జవాబు కనిపిస్తుంది.

లేవన్నవాటిని చూపించడం

బెజవాడ విల్సన్ కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ప్రాంతంలో, ఈ పనిలో బతికిన తెలుగు కుటుంబంలో పుట్టారు. అక్కడి పొడి మరుగుదొడ్ల గురించి అధికారులకు, మంత్రులకు ఉత్తరాలు రాశారు. ఉత్తరాలకు కదలని యాజమాన్యం, ఆ మరుగుదొడ్ల ఫోటోలు పత్రికలో వచ్చాక కదిలింది. 1993లో పార్లమెంటు మనుషుల చేత మలం ఎత్తించడాన్ని, పొడి మరుగుదొడ్లు కట్టడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఉత్తరానికి లేని బలం ఫోటోకు రావడానికి ఒక కారణం, ఆ చట్టం వచ్చాక అది పార్లమెంటు నిషేధించిన పనికి సాక్ష్యం కావడం.

1993 చట్టాన్ని మొదట కోరిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా అమలులోకి రావడానికే 1997 జనవరి 26 దాకా పట్టింది. ఆ తర్వాత కూడా రాష్ట్ర ప్రభుత్వాల జవాబు ఒకటే: ‘మా రాష్ట్రంలో అలాంటివి లేవు.’ లేవన్న మాటను నినాదంతో ఓడించలేం. అందుకే కార్యకర్తలు సర్వే ఫారాలు పట్టుకుని వాడవాడా తిరిగారు. ఏ వీధిలో ఎన్ని దొడ్లు ఉన్నాయి, వాటిని ఎవరు శుభ్రం చేస్తున్నారు, అవి ప్రభుత్వానివా ప్రైవేటువా అన్నది రాసుకున్నారు, ఫోటోలు తీశారు. మన తెలుగు జిల్లాల్లో దొడ్లను లెక్కపెట్టడంతో ఆగకుండా కొన్నిచోట్ల గునపాలతో కూలగొట్టారు. ఈ పనికి అండగా నిలిచినవారిలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఆయనకు, ప్రభుత్వానికి ఏ కాగితం గుచ్చుకుంటుందో లోపలినుంచి తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని చేసేవారి జీవితాల మీద గీతా రామస్వామి రాసిన పుస్తకం 2005లో వచ్చింది.

2003లో సఫాయి కర్మచారి ఆందోళన్, మరికొన్ని సంఘాలు, వ్యక్తులు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాష్ట్రాలనూ కేంద్రాన్నీ ప్రతివాదులను చేశారు. రైల్వే లాంటి ప్రభుత్వ శాఖలే చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని అన్నారు. రాష్ట్రాలు అఫిడవిట్లలో లేవని రాసినప్పుడు పిటిషనర్లు ఫోటోలు, పేర్లు, వివరాలు ముందుపెట్టారు. కేసు పదేళ్లకు పైగా నడిచింది. ఈలోగా 2011 జనగణన కూడా దేశంలో 7,94,390 మరుగుదొడ్లలో మలాన్ని మనుషులే ఎత్తుతున్నారని తేల్చింది. లేవన్న మాటను ఆఖరికి ప్రభుత్వ లెక్కే కొట్టేసింది.

ఈ దశలో వాళ్లు ‘సమాజంలో అవగాహన’ను లక్ష్యంగా పెట్టుకోలేదు. అఫిడవిట్ మీద సంతకం పెట్టే అధికారిని పెట్టుకున్నారు. అతను అబద్ధం రాయలేని పరిస్థితి తేవడమే పని. సర్వే ఫారం చూడ్డానికి పోస్టరంత ఆకర్షణగా ఉండదు, కానీ దాన్ని పక్కన పడేయడం కష్టం.

తట్టను తగలబెట్టింది ఎవరు

కోర్టు పనితోపాటు ఇంకో పని సాగింది. ఇది అధికారుల కోసం కాదు, ఈ పనిలో ఉన్న ఆడవాళ్ల కోసం. పొడి మరుగుదొడ్లు ఎత్తేది ఎక్కువగా దళిత మహిళలే. మానేస్తే తిండి ఎలా అన్న భయం, తరతరాలుగా ఇది మన పనే అని నూరిపోసిన మాట, రెండూ వాళ్లను పట్టి ఉంచాయి. బయటివాళ్లు వచ్చి ‘ఇది అమానుషం’ అంటే ఆ భయం పోదు. తమలాంటి ఆడమనిషే నలుగురి ముందు తట్టను, చీపురును మంటలో వేసి ‘ఇక చేయను’ అన్నప్పుడు పోతుంది.

అందుకే తట్టలు తగలబెట్టడం ఉద్యమానికి గుర్తు అయింది. 2010లో దేశంలోని వేర్వేరు దిక్కులనుంచి బయల్దేరిన సామాజిక పరివర్తన యాత్రలు ఢిల్లీ చేరాయి. ఆ పని వదిలేసిన మహిళలు దారిలో ప్రతి ఊళ్లో ఇంకా వదలని మహిళలతో మాట్లాడారు. ఆ యాత్ర టీవీల కోసం పుట్టింది కాదు. టీవీలు రాకపోయినా అది తన పని చేస్తుంది, ఎందుకంటే దాని మాట చేరాల్సినవాళ్లు దారిలోనే ఉన్నారు.

అంబేడ్కర్ 1920 జనవరి 31న మొదలుపెట్టిన పత్రిక పేరు ‘మూక్ నాయక్’, అంటే మూగవారి నాయకుడు. మన తరఫున ఎవరో మాట్లాడితే చాలదు, మన మాట మన చేతిలో ఉండాలి అన్నది అప్పటినుంచీ ఉన్న పాఠం. బాధితులను వేదికమీద కూర్చోబెట్టి, మైకు ఇంకొకరు పట్టుకునే సభలు ఇప్పటికీ జరుగుతున్నాయి కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తోంది.

‘మమ్మల్ని చంపడం ఆపండి’

పొడి మరుగుదొడ్లు తగ్గాయి. సెప్టిక్ ట్యాంకులు, డ్రైనేజీ లైన్లు పెరిగాయి. చావు రూపం మార్చుకుంది. 2013లో వచ్చిన కొత్త చట్టం మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రతను కూడా నిషేధించింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆ పాత కేసులో తీర్పిస్తూ, 1993 నుంచి మురుగు పనుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది.

ఆ ఆదేశం ఉద్యమానికి కొత్త పని పెట్టింది. ఎవరెవరు చనిపోయారో జాబితా ఎవరి దగ్గరుంది? ప్రభుత్వం దగ్గర లేదు. కార్యకర్తలు పాత పేపర్లు తిరగేసి, కుటుంబాలను వెతికి, చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా కూర్చారు. ఆ జాబితా పరిహారం అడిగే దరఖాస్తు అయింది. ఇన్ని చావులు విడివిడి ప్రమాదాలు ఎలా అవుతాయని అడిగే ప్రశ్న కూడా అయింది.

2015 డిసెంబరు 10, మానవ హక్కుల దినం నాడు భీమ్ యాత్ర మొదలైంది. అంబేడ్కర్ 125వ జయంతి సందర్భంగా 125 రోజులు తిరిగి, 2016 ఏప్రిల్ 13న ఢిల్లీ చేరింది. దాని నినాదం ‘మమ్మల్ని చంపడం ఆపండి’. 2022 మేలో మొదలైన వీధి ప్రచారానికి కూడా అదే నినాదం.

ఈ నినాదాన్ని మా హాస్టల్ పోస్టరుతో పోల్చి చూడండి. ‘ప్రాణాలు కాపాడాలి’ అన్నప్పుడు కార్మికుడు దయకు పాత్రుడు, ప్రభుత్వం రక్షకుడు. ‘చంపడం ఆపండి’ అన్నప్పుడు కార్మికుడే మాట్లాడుతున్నాడు, ప్రభుత్వం బోనులో ఉంది. చెప్పిన విషయం ఒకటే, మనుషుల స్థానాలు తారుమారయ్యాయి. ఇది ఆవేశంలో వచ్చిన మాట కాదు. యంత్రాలు ఉన్నాయి, చట్టం ఉంది, లోపల విషవాయువు ఉంటుందని అందరికీ తెలుసు. అన్నీ తెలిసి మనిషిని దింపితే దాన్ని ప్రమాదం అనడానికి వీల్లేదు. నినాదంలో ఉన్నది ఆ తర్కమే.

అటువైపు కూడా వ్యూహముంది

మనం ఒక్కళ్లమే ఆలోచించి మాట్లాడుతున్నామని అనుకోవద్దు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. గాంధీ కళ్లద్దాలు లోగో అయ్యాయి, ప్రముఖులు చీపుర్లు పట్టి ఫోటోలు దిగారు. ఆ ఫోటోల్లో చీపురు దేశభక్తికి గుర్తు. తరతరాలుగా దాన్ని ఎవరి చేతికి అంటగట్టారన్న ప్రశ్న ఫ్రేములో లేదు. ఎన్ని మరుగుదొడ్లు కట్టారన్నదే లెక్క అయింది, ఆ గుంతలు నిండాక ఎవరు దిగాలన్నది ఆ లెక్కలోకి రాలేదు. 2019 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధాని అయిదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగారు. ఆ దృశ్యం దేశమంతా తిరిగింది. కాళ్లు కడిగించుకున్నవాళ్లకు గౌరవం దక్కిందన్నారు. వాళ్ల ఉద్యోగం పర్మినెంటా, యంత్రాలు ఉన్నాయా, లోపల చనిపోయినవాళ్లకు పరిహారం వచ్చిందా అన్న ప్రశ్నలు ఆ దృశ్యం చాటుకు వెళ్లిపోయాయి.

ఇంకో వ్యూహం నిర్వచనాల్లో ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం, అంతకుముందు అయిదేళ్లలో మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 340 మంది చనిపోయారని పార్లమెంటుకు చెప్పింది. అదే ఏడాది జులైలో, మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చావులేవీ నమోదు కాలేదని రాజ్యసభకు చెప్పింది. ఈ రెండూ ఎలా కుదురుతాయి? చట్టంలో ‘మాన్యువల్ స్కావెంజింగ్’ ఒక వర్గం, ‘ప్రమాదకర శుభ్రత’ ఇంకో వర్గం. మనిషి చనిపోయింది రెండో గడిలో కాబట్టి మొదటి గడిలో సున్నా. మనం మన ప్రకటనల్లో ఏ పదం వాడుతున్నామో ఎందుకు చూసుకోవాలో దీన్నిబట్టి అర్థమవుతుంది. మనం తప్పుడు గడి పేరు రాస్తే వాళ్లు నిజాయితీగానే ‘లేవు’ అని జవాబివ్వగలరు. ఆర్టీఐ దరఖాస్తులో రెండు పదాలూ రాయాలి.

జాలి ఎక్కడిదాకా తీసుకెళ్తుంది

2018 సెప్టెంబరులో ఢిల్లీలో మురుగు లైనులో చనిపోయిన ఒక కార్మికుడి దేహం పక్కన ఒక పిల్లవాడు ఏడుస్తున్న ఫోటో దేశాన్ని కదిలించింది. కొద్ది రోజుల్లోనే విరాళాలు 50 లక్షల రూపాయలు దాటాయి. ఇచ్చినవాళ్ల మనసును తప్పుపట్టలేం. ఆ కుటుంబానికి ఆ డబ్బు అవసరం. కానీ ఆలోచించాల్సింది ఒకటుంది. దాత ఇచ్చింది కానుక, ప్రభుత్వం ఇవ్వాల్సింది హక్కు. ఫోటోలో పిల్లవాడి కన్నీరు ఉంది, తండ్రిని దింపినవాడు లేడు. ఫోటో లేని మిగతా కుటుంబాలకు ఆ జాలి చేరలేదు.

ఫోటో తీయొద్దని నేననను. కోలార్‌లో కదలిక తెచ్చింది ఫోటోలే. అదే ఫోటో కోర్టు ఫైలులో సాక్ష్యం అవుతుంది, ఊరంతా అంటించిన పోస్టరులో అవమానం కావచ్చు. మలం తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ముఖాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే ముందు, ఆమె పిల్లలు రేపు ఆ ఫోటో చూస్తారన్నది గుర్తుండాలి. ఆమెను అడగాలి. ఆమె ఒప్పుకున్నా, ఎవరికి చూపిస్తామో చెప్పాలి.

రేపు మన ఊళ్లో జరిగితే

ఇదంతా చదివి దాచుకునేది కాదు. ఇలాంటి చావు జరిగిన మొదటి రోజే వార్త భాష, ఎఫ్‌ఐఆర్ భాష స్థిరపడిపోతాయి. తర్వాత వాటిని మార్చడం కష్టం. కాబట్టి మొదటి రోజే చేయాల్సిన పనులివి.

మొదటిది, దింపినవారి పేరు కనుక్కోవాలి. పని ఎవరిది, కాంట్రాక్టు ఎవరిది, ఫోన్ చేసి పిలిచింది ఎవరు, కూలి ఎంత అన్నారు, యంత్రం ఎందుకు తేలేదు. సాక్షులు ఉన్నప్పుడే రాసుకోవాలి. మన ప్రకటన మొదటి వాక్యం ‘ఫలానా కాంట్రాక్టరు ఇద్దరు కార్మికులను యంత్రం లేకుండా మ్యాన్‌హోల్‌లోకి దింపాడు, ఇద్దరూ చనిపోయారు’ అని ఉండాలి. రుజువైనంతవరకే రాయాలి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ పోతాయి.

రెండోది, ఎఫ్‌ఐఆర్ చూడాలి. నిర్లక్ష్యం వల్ల మరణం అన్న సెక్షన్ ఒక్కటే పెట్టి వదిలేస్తుంటారు. 2013 చట్టంలోని 7వ సెక్షన్ ఈ పని చేయించడాన్ని నిషేధిస్తుంది, 9వ సెక్షన్ శిక్ష చెప్తుంది: మొదటి నేరానికి రెండేళ్లదాకా జైలు లేదా 2 లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ తర్వాత 3(1)(జె) కింద దళితులను మాన్యువల్ స్కావెంజింగ్‌లో పెట్టడం నేరం. ఈ సెక్షన్లు చేర్చాలని రాతపూర్వకంగా అడగాలి, రసీదు తీసుకోవాలి.

మూడోది, పరిహారం. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు మురుగు పనుల్లో మరణానికి పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. కాంట్రాక్టరు రెండు మూడు లక్షలు చేతిలో పెట్టి కాగితం మీద సంతకం పెట్టించుకునేలోపే ఈ అంకె కుటుంబానికి తెలియాలి. కలెక్టరుకు ఇచ్చే దరఖాస్తులో తీర్పు తేదీ ఉండాలి.

నాలుగోది, విలేకరితో మాట్లాడాలి. చాలామంది విలేకరులు పోలీసులు చెప్పిన వాక్యాన్నే రాస్తారు, అంతకంటే వేరే వాక్యం వాళ్లకు ఎవరూ ఇవ్వరు కాబట్టి. పేర్లు, సెక్షన్లు, తీర్పు తేదీ ఉన్న ఒక పేజీ నోటు ఇస్తే కొందరైనా వాడతారు. కుటుంబం మాట్లాడాలనుకుంటే మాట్లాడనివ్వాలి, వద్దంటే కెమెరాలను ఆపాలి.

అయిదోది, ఆ వార్త పాతబడ్డాక కూడా గుర్తుంచుకోవాలి. మూడు నెలలకు చార్జిషీటు ఏమైంది, ఆరు నెలలకు పరిహారం వచ్చిందా అని అడగడానికి ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి.

మాటకు ఉన్న హద్దు

మాట అన్నీ చేయదు. హైదరాబాద్ జలమండలి 2017లో మురుగు లైన్ల కోసం చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. ఇరుకు గల్లీల్లోకి వెళ్లే యంత్రం ఉంటే మనిషిని దింపాల్సిన పని లేదని అది చూపించింది. అయినా యంత్రం కొనడానికి బడ్జెట్ కావాలి, కాంట్రాక్టు షరతుల్లో మార్పు కావాలి, ఈ పని వదిలినవాళ్లకు వేరే ఉపాధి, భూమి, చదువు కావాలి. నినాదం వాటిని ఇవ్వదు. ఇవ్వాల్సినవాడు ఎవరో చూపించి, అతను తప్పించుకునే దారులు మూయగలదు. అంతవరకే దాని పని, కానీ ఆ పని జరక్కపోతే మిగతావి మొదలే కావు.

సఫాయి కర్మచారుల ఉద్యమం ఇంకా గెలవలేదు. ఈ వారంలో కూడా ఎక్కడో ఒకచోట మూత తీసి ఎవరినో దింపుతూ ఉండొచ్చు. రేపు పేపరులో ‘దిగి’ అని వస్తే, ఆ విలేకరికి ఫోన్ చేసి ‘దింపింది ఎవరండీ?’ అని అడగండి. జవాబు తెలియదంటే, తెలుసుకుని చెప్పే పని మనది.